మా చిట్టికి మూడో లీష్: ఎనిమిది నెలలు వాడాక

మా చిట్టి లాబ్రడార్, రెండేళ్ల పిల్ల, 29 కిలోలు. మేం ఉండేది విశాఖలో, సముద్రానికి దగ్గర్లోనే. పొద్దున నేను, సాయంత్రం అమ్మ తిప్పుతాం. ఇప్పుడు వాడుతున్న లీష్, అంటే కుక్కని పట్టుకుని నడిపించే తాడు, ఐదడుగుల పొడవు, అంగుళం వెడల్పు ఉన్న నైలాన్ పట్టీ. మనం పట్టుకునే చోట మెత్త కుట్టి ఉంది, హుక్‌కి జానెడు దూరంలో ఇంకో చిన్న పిడి ఉంది. పెట్ షాపులో 550 రూపాయలకి కొన్నాను. ఎనిమిది నెలలు రోజూ వాడాను కాబట్టి ధైర్యంగా రాస్తున్నా.

మొదట కొన్నది గొలుసు. "కుక్కకి గొలుసే కట్టాలి, పట్టీ అయితే కొరికేస్తుంది" అన్నారు నాన్న. కొరకలేదు, నిజమే. కానీ ఆ బరువంతా దాని మెడ మీదే పడేది, ఒక్కసారి లాగిందంటే నా అరచెయ్యి గీసుకుపోయేది.

రెండోది బటన్ నొక్కితే ఆగి, వదిలితే ఐదు మీటర్ల దాకా సాగే రకం. పాపం కొంచెం స్వేచ్ఛగా తిరుగుతుందని ఆన్‌లైన్‌లో తెప్పించాను. దీని గురించి మాత్రం గట్టిగా చెప్తాను, మన వీధుల్లో పెద్ద కుక్కకి అది వద్దు. ఒకరోజు మలుపులో మూడు వీధి కుక్కలు ఎదురొచ్చాయి, చిట్టి వాటి మీదికి దూకింది, నేను బటన్ నొక్కేలోపే నాలుగు మీటర్లు వెళ్లిపోయింది, ఆ సన్నతాడు నా పిక్క చుట్టూ రాసుకుపోయి చర్మం కాలినట్టు లేచిపోయింది. నొప్పికి పిడి వదిలేశాను. అంత ప్లాస్టిక్ పిడి రోడ్డు మీద టకటకా కొట్టుకుంటూ వెనకాలే వస్తుంటే, ఏదో తరుముతోందనుకుని అది ఇంకా బెదిరిపోయి మెయిన్ రోడ్డు దాకా పరుగెత్తింది. ఒక ఆటో అతను బండి అడ్డం పెట్టి పట్టుకున్నాడు. ఆయనకి ఎన్నిసార్లు దణ్ణం పెట్టినా తక్కువే. ఆ రోజు టెన్షన్ తలుచుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి. పైగా లాగిన కొద్దీ తాడు వస్తుంది కాబట్టి, లాగితేనే ముందుకు పోవచ్చని కుక్క నేర్చేసుకుంటుంది. ఆ అలవాటు మాన్పించడానికి నాకు రెండు నెలలు పట్టింది.

ఇక ఇప్పటి పట్టీ. ఐదడుగులు సరిగ్గా సరిపోతుంది, పక్కన నడుస్తూ చెట్టు మొదలు వాసన చూసుకోవచ్చు, బైక్ కిందికి మాత్రం పోలేదు. అన్నిటికంటే నాకు నచ్చింది ఆ చిన్న పిడి. లిఫ్ట్‌లో పిల్లలు ఎక్కినప్పుడు, ఎదురుగా ఇంకో కుక్క వచ్చినప్పుడు దాన్ని పట్టుకుంటే చిట్టి నా కాలి పక్కనే ఉంటుంది. అమ్మకి 61 ఏళ్లు, ఆవిడ కూడా భయం లేకుండా తిప్పుతోంది. పట్టీని మణికట్టుకి మాత్రం చుట్టుకోవద్దు, కుక్క ఒక్కసారిగా లాగితే మణికట్టు బెణకొచ్చు, మనిషి పడిపోవచ్చు. బొటనవేలు లూప్‌లో దూర్చి, మిగతాది గుప్పెట్లో మడిచి పట్టుకోవాలి.

కొనేటప్పుడు రంగు కంటే ముందు హుక్ చూడండి. మా ఊరి ఉప్పుగాలికి గొలుసు హుక్‌లో స్ప్రింగ్ తుప్పు పట్టి సగంలోనే ఆగిపోయేది, బయటికి మూసినట్టే కనిపించేది. ఈసారి ఫ్రిజ్ మీది అయస్కాంతం జేబులో వేసుకుని వెళ్లాను. ఇత్తడికి అయస్కాంతం అంటదు, పైన పూత పూసిన ఇనుమైతే టక్కున అంటుకుంటుంది. హుక్ తన చుట్టూ తాను తిరుగుతోందా లేదా కూడా చూడాలి, లేకపోతే పట్టీ మెలికలు పడుతుంది. కుట్టు ఒక్క వరసే ఉంటే తీసుకోవద్దు.

లోపాలు లేవని కాదు. వానలో తడిస్తే ఆరడానికి ఒక రోజు పడుతుంది, ఆరకముందే మడిచి పెడితే ముక్కిపోయిన వాసన. రాత్రి మెరవాల్సిన దారం ఆరో నెలకే మసకబారింది, అందుకే సాయంత్రాలు అమ్మ టార్చ్ తీసుకెళ్తోంది. వారానికోసారి కుక్క షాంపూతోనే ఉతుకుతాను.

దీన్ని హార్నెస్‌కే (కుక్క ఛాతీ చుట్టూ వేసే పట్టీల తొడుగు) తగిలిస్తాం, లాగినా గొంతు మీద ఒత్తిడి పడదు. మెడకి కాలర్ వేసేవాళ్లు రెండు వేళ్లు దూరేంత వదులు ఉంచండి, అంతకంటే వదులైతే వెనక్కి నడిచి తల తీసేసుకుంటుంది. ఇంకో మాట, ఇది నడిపించడానికే. మా వీధిలో ఒక ఇంట్లో కుక్కని రోజంతా గేటుకి కట్టేసి ఉంచుతారు, ఆ మూలుగు వినలేకపోతున్నాం. బరువైన, పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం కూడా తప్పే.

పొమెరేనియన్, పగ్ లాంటి చిన్నవాటికి ఇదే తీసుకోకండి, ఈ హుక్ బరువే వాటికి ఎక్కువ. పిన్ని వాళ్ల పొమెరేనియన్‌కి అదే షాపులో అర అంగుళం పట్టీ, చిన్న హుక్ ఉన్నది ఇప్పించాను, 280 అయింది.