హౌస్ ఆఫ్ ద డ్రాగన్ రెండో సీజన్ చివరి ఎపిసోడ్: సగంలో ఆపేసిన కథ

ఈ రోజు, 2024 ఆగస్టు 5, శ్రావణమాసం మొదటి సోమవారం. అమ్మ పూజకు పూలు తెచ్చిపెట్టి సరిగ్గా ఆరున్నరకు టీవీ ముందు కూర్చున్నాను. అమెరికాలో ఆదివారం రాత్రి వచ్చే ఎపిసోడ్ మనకు సోమవారం పొద్దున వస్తుంది. జూన్ 17 నుంచి ఎనిమిది సోమవారాలు కేపీహెచ్‌బీలోని మా ఇంట్లో ఇదే వరస. తమ్ముడు గచ్చిబౌలిలో నైట్ షిఫ్ట్ ముగించుకుని నేరుగా వచ్చి నా పక్కన కూర్చుంటాడు. లాల్‌దర్వాజ బోనాలకు చిన్నమ్మ వాళ్ళింటికి వెళ్ళి అర్ధరాత్రి ఇంటికి చేరినా, మర్నాడు పొద్దున ఏడో ఎపిసోడ్ మానలేదు.

చూడనివాళ్ళు ఇక్కడే ఆగండి, కథంతా చెప్పేస్తున్నాను. 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' కంటే ముందు కాలం కథ ఇది: సింహాసనం కోసం రెనీరా ఒకవైపు, ఆమె సవతి తల్లి ఆలిసెంట్, ఆలిసెంట్ కొడుకులు రాజు ఏగాన్, ఏమాండ్ ఇంకోవైపు, డ్రాగన్లతో తలపడతారు.

ఆ ఏడో ఎపిసోడ్ గురించి ముందు చెప్పాలి. చీకటి గుహలోంచి వెర్మిథార్ అనే డ్రాగన్ బయటికొచ్చి, డ్రాగన్లను ఎక్కడానికి రెనీరా పిలిపించిన జనాన్ని కాల్చేస్తుంటే కమ్మరి హ్యూ పారిపోకుండా దానికి ఎదురు నిలబడ్డాడు. ఊపిరి బిగబట్టి చూశాం. చివర్లో ఏమాండ్ అంతటివాడు, తన డ్రాగన్ వేగార్ మీద వస్తూ వస్తూ, రెనీరా దగ్గర ఇన్ని డ్రాగన్లున్నాయని చూసి వెనక్కి తిరిగిపోయాడు. వారమంతా ఆఫీసులో, మెట్రోలో నాకు అదే ధ్యాస. ఇప్పుడేం చేస్తాడు, ఈమె ఏం చేస్తుంది అని.

ఈ రోజు దొరికిందేమిటి? కోపంతో ఏమాండ్ ఒక ఊరు తగలబెట్టాడు, అదీ కాలిపోయాక దూరం నుంచి చూపించారు. ఏగాన్ పక్షాన టైలాండ్ లానిస్టర్ ఓడల సాయం అడగడానికి వెళ్ళి, లోహార్ అనే కొత్త పాత్రతో బురదలో కుస్తీ పట్టాడు. చివరి ఎపిసోడ్‌లో, ఒక్కో నిమిషం విలువైన చోట, ఆ కుస్తీకి అంత సమయం ఎందుకు ఇచ్చారో నాకు అర్థం కాలేదు. రెనీరా సవతి కూతురు రేనా కొండల్లో పడుతూ లేస్తూ అడవి డ్రాగన్‌ను వెతుక్కుంటూ పోయింది. అది కనపడింది, అంతే, ఆమె దాన్ని ఎక్కిందా లేదా చూపించలేదు. ఆలిసెంట్ తండ్రి ఒటో హైటవర్‌ను ఎవరో బోనులో పెట్టినట్టు ఒక్క క్షణం చూపించారు. ఆ తర్వాత సైన్యాలు కదిలాయి, ఓడలు కదిలాయి, సంగీతం పెరిగింది, పేర్లు పడ్డాయి.

"అక్కా, ఇంకో ఎపిసోడ్ ఉందేమో చూడు" అన్నాడు తమ్ముడు. రిమోట్ తీసుకుని నిజంగానే వెతికాను. లేదు. వంటింట్లోంచి అమ్మ "అయిపోయిందా?" అని అడిగితే అవునని చెప్పడానికి నోరు రాలేదు. విస్తట్లో అన్నీ వడ్డించి, చెయ్యి పెట్టేలోపు లేపేసినట్టుంది.

యుద్ధం చూపించలేదని కాదు నా బాధ. చిన్నప్పుడు తాత నన్ను ఊళ్ళో పద్యనాటకాలకు తీసుకెళ్ళేవాడు. రాయబారం ఘట్టంలో ఒక్క బాణం కూడా పడదు. కృష్ణుడు ఐదూళ్ళడుగుతాడు, దుర్యోధనుడు సూదిమొన మోపినంత నేల కూడా ఇవ్వనంటాడు. కృష్ణుడు సభలోంచి లేచి వెళ్ళిపోయాక ఇక ఎవరూ వెనక్కి రాలేరు. అక్కడ తెర దించినా, చూసినవాళ్ళు కడుపు నిండి ఇంటికి పోతారు.

ఈ ఎపిసోడ్‌లోనూ ఒక రాయబారం ఉంది. ఆలిసెంట్ రహస్యంగా రెనీరా ఉండే డ్రాగన్‌స్టోన్‌కు వచ్చి, ఏమాండ్ లేని సమయం చూసి రాజధాని కోట తలుపులు తెరిపిస్తానంటుంది. బదులుగా నీ కొడుకు ఏగాన్ ప్రాణం కావాలంటుంది రెనీరా. ఆలిసెంట్‌గా నటించిన ఒలీవియా కుక్ ముఖం చూడండి అప్పుడు. కన్నతల్లి ఒప్పుకోవడానికి పట్టిన ఆ నాలుగు క్షణాలు నా గుండె పిండేశాయి. రెనీరాగా ఎమా డార్సీ కూడా గొంతు పెంచకుండానే రాణిలా నిలబడింది. సీజన్ మొత్తంలో అంత బాగా నటించిన సీన్లు రెండో మూడో ఉంటాయి. కానీ ఏగాన్ అప్పటికే తన సలహాదారు లారిస్‌తో కలిసి కోట దాటిపోయాడు. ఆలిసెంట్ ఇచ్చిన మాట ఉత్తదైపోయిందని మనకు తెలుసు, ఆ ఇద్దరికీ తెలీదు. వాళ్ళకు తెలిసే క్షణమే అసలు ముగింపు. దాన్ని దాచిపెట్టి వచ్చే సీజన్‌కు రమ్మంటున్నారు. పైగా మూడో ఎపిసోడ్‌లో రెనీరా మారువేషంలో వెళ్ళి ఆలిసెంట్‌ను కలిసింది కదా, ఇప్పుడు ఈమె వచ్చింది. ఒకే కలయికను రెండుసార్లు చూపించి, దాని ఫలితం ఒక్కసారీ చూపించలేదు.

మొదటి సీజన్ 10 ఎపిసోడ్లు, ఇది 8. 2022 అక్టోబరులో ఆ సీజన్ ఎలా ముగిసిందో గుర్తుందా? తుఫాను మబ్బుల్లో వేగార్ రెనీరా కొడుకు లూసెరిస్‌ను, వాడి చిన్న డ్రాగన్‌ను చంపేసింది. ఆ వార్త విని రెనీరా వెనక్కి తిరిగి మనవైపు చూసింది. పెద్ద యుద్ధం అప్పుడూ లేదు. అయినా ఆ ఒక్క చూపును పట్టుకుని 20 నెలలు ఎదురుచూశాను. ఈసారి పట్టుకోవడానికి అలాంటిది ఏం మిగిలింది?

రెనీరా భర్త డేమన్ విషయం ఒక్క ముక్కలో చెప్తాను. సీజన్‌లో ఎక్కువ భాగం హారెన్‌హాల్ కోటలో కలలు కంటూ గడిపి, చివరికి రెనీరా ముందు మోకరిల్లాడు. మాట్ స్మిత్ కళ్ళలో అది నిజమనిపించింది, నాకు నచ్చింది.

ఇంకా మొదలుపెట్టనివాళ్ళకు నా సలహా: సీజన్ చూడండి, నాలుగో ఎపిసోడ్‌లో రూక్స్ రెస్ట్ యుద్ధం కోసమైనా చూడండి. ఏడు దాకా చూసి ఆపేయండి. ఎనిమిదోది మూడో సీజన్ వచ్చే ముందు రోజు పెట్టుకోండి, దాని మొదటి ఎపిసోడ్‌తో కలిపి. నేను మాత్రం వచ్చే సోమవారం ఆరున్నర దాకా హాయిగా పడుకుంటాను.