కాలనీ ఖాళీ జాగా పార్కు కావాలంటే: కార్పొరేషనా, ఎంపీ నిధులా, చందాలా?

నెల్లూరు శివారులో ఏ లేఅవుట్‌కి వెళ్ళినా ఒక మూల చిల్లచెట్లు పెరిగిన జాగా కనిపిస్తుంది. అమ్ముడుపోక మిగిలిన ప్లాటు అనుకునేరు, కాదు. లేఅవుట్ వేసినవాళ్ళు ఉమ్మడి అవసరాలకు 10 శాతం స్థలం వదిలి మున్సిపాలిటీకి గిఫ్ట్ డీడ్ రాసివ్వాలి. మా కాలనీలోనూ అలాంటిదొకటి ఉంది. పిల్లల క్రికెట్, గేదెల మేత, వినాయక చవితి పందిరి అన్నీ అక్కడే.

దాన్ని పార్కు చేయాలంటే డబ్బు ఎవరిని అడగాలన్నదే మా వీధిలో రెండేళ్ళుగా పంచాయితీ. "కార్పొరేషన్‌లో పెట్టిద్దాం" అని సగం మంది. "ఎంపీ గారికి అర్జీ ఇద్దాం అన్నా" అని కొందరు. "ఇంటికి రెండు వేలు వేసుకుంటే నెలలో అయిపోద్ది" అని పాలబూత్ దగ్గర నిలబడే బ్యాచ్.

ముందు చందా సంగతి, ఎందుకంటే అది చేసి చూశాం. నలభై ఇళ్ళు, ఇంటికి రెండు వేలు, మొత్తం 80 వేలు. అనుమతి తీసుకుని చిన్న బోరు, మోటారు, నాలుగు సిమెంటు బెంచీలు పెట్టాం. నిజంగానే నెలలో అయిపోయింది. కరెంటు మీటరు ఎవరి పేరున అన్న ప్రశ్న వచ్చినప్పుడు మాత్రం అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. చివరికి ఒక రిటైర్డ్ మాస్టారు తన పేరున తీసుకున్నారు. మొదటి మూడు నెలలు బిల్లుకు అందరూ ఇచ్చారు, తర్వాత పొద్దున్నే నడిచేవాళ్ళే ఇచ్చారు, ఆ తర్వాత మాస్టారే కట్టారు. ఆయన కొడుకు దగ్గరికి బెంగళూరు వెళ్ళిన ఎండాకాలం మోటారు కదల్లేదు. చందాకి వేగం ఉంది గానీ ఓపిక లేదు.

ఎంపీ నిధుల మీద జనానికి ఆశ ఎక్కువ. లెక్క చూస్తే ఎంపీకి ఏడాదికి 5 కోట్లు. నెల్లూరు లోక్‌సభ కింద కందుకూరు నుంచి నెల్లూరు రూరల్ దాకా ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లు ఉన్నాయి. సమానంగా పంచినా ఒక్కోదానికి 70 లక్షల చిల్లర. అందులోనే రోడ్లు, తాగునీరు, బడి గదులు. పైగా ఎంపీ పని సిఫారసు చేస్తారంతే, డబ్బు ఆయన చేతిలో ఉండదు, మంజూరంతా జిల్లా యంత్రాంగం చూసుకుంటుంది. ఆ పథకం కట్టడానికి ఇస్తుంది, తర్వాత తోటమాలికి జీతం ఇవ్వదు. కట్టాక ఎవరు చూసుకుంటారో ముందే హామీ అడుగుతుంది. అంటే మళ్ళీ మీటరు ప్రశ్నే. కమ్యూనిటీ హాలుకైతే ఆ తలుపు తట్టొచ్చు. నీడ కోసమైతే నేను వెళ్ళను.

కంపెనీల సీఎస్‌ఆర్ డబ్బు, అంటే సామాజిక బాధ్యత కింద అవి పెట్టే ఖర్చు గురించి కూడా ఒకరు అన్నారు. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు లాభంలో 2 శాతం ఇలాంటివాటికి ఖర్చుపెట్టాలి, నిజమే. కానీ నలభై ఇళ్ళ కాలనీని పట్టించుకునే తీరిక వాళ్ళకెక్కడిది?

ఇక కార్పొరేషన్. 54 డివిజన్లలో మనదొకటి. అంచనా, మంజూరు, టెండరు, బిల్లు... నిదానమే. కానీ జాగా వాళ్ళది, పన్ను కట్టేది మనం. లైట్లూ నీళ్ళూ ఏళ్ళ తరబడి నడపగలిగేది వాళ్ళే. నా ఓటు వాళ్ళకే. ఒక షరతు మీద.

ఆ షరతు మొక్కలు. మా అత్తగారి ఊళ్ళో, పేరెందుకు గానీ, ఒక పార్కుకి ప్రహరీ, నడక బాట, మొక్కలు అన్నీ ఒకే టెండరులో ఇచ్చారు. ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది కదా, బిల్లు లోపల పడాలని కాంట్రాక్టరు మార్చి నెలాఖరులో రెండొందల మొక్కలు నాటించేశాడు. రోహిణి కార్తె దాటేసరికి మిగిలినవి కర్రలు, వాటికి కట్టిన పురికొసలు. మన వైపు జూన్ వానను నమ్ముకుని మొక్క పెట్టకూడదు. మనకు గట్టి వాన ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు లోపల. అక్టోబరులో పెట్టిన కానుగ, వేప ఎండాకాలానికి వేరు దించుకుంటాయి. అదే వేప మార్చిలో పెడితే ట్యాంకర్ నీళ్ళే దిక్కు.

అందుకే కార్పొరేషన్ డబ్బు, కాలనీవాళ్ళ శ్రమ రెండూ కలిపితే మేలంటాను. 1997లో మొదలైన జన్మభూమి గుర్తుందా? ప్రజల వాటా డబ్బుగానో శ్రమదానంగానో వేస్తే మిగతాది ప్రభుత్వం. అమెరికాలో సియాటిల్ నగరం 1988లోనే ఇలాంటి నిధి పెట్టింది. వీధివాళ్ళు పనిచేసిన గంటల్ని కూడా డబ్బు కింద లెక్కకడతారు. మన జన్మభూమి మీద చాలామందికి చాలా ఫిర్యాదులున్నాయి, అవి వేరే కథ. కానీ తట్ట మోసినవాడు ఆ చెట్టుకి గేదెను కట్టనివ్వడు.

ఇప్పుడు అలాంటి పథకం కోసం ఎదురుచూడకుండా అర్జీనే అలా రాశాం. ప్రహరీ, బాట, లైట్లు కార్పొరేషన్ చేయాలి, మీటరు వాళ్ళ పేరుకి మారాలి. మొక్కలు టెండరులో వద్దు, అక్టోబరులో మేమే నాటి రెండు ఎండాకాలాలు నీళ్ళు పోస్తామని నలభై ఇళ్ళవాళ్ళం సంతకాలు చేశాం. గిఫ్ట్ డీడ్ జిరాక్స్ జతచేశాం. మాస్టారు ఇప్పటిదాకా తాను కట్టిన కరెంటు బిల్లులు కూడా పిన్ను కొట్టి ఇచ్చారు.