సూపర్‌కారుకు ఇనుప డిస్కులా, సెరామిక్ డిస్కులా: ఏది మేలు?

కార్బన్ సెరామిక్ బ్రేకులుంటే కారు ఇంకా తక్కువ దూరంలో ఆగుతుందని నమ్మి లక్షలు పోసేవాళ్లు చాలామంది. ఒక్కసారి తొక్కే బ్రేకుకు అది నిజం కాదు. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో పెడల్ గట్టిగా తొక్కితే, చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ అందుకుంటుంది. అక్కణ్నుంచి కారును ఆపేది టైరుకూ రోడ్డుకూ ఉన్న పట్టే. చక్రాన్ని ఆ హద్దు దాకా తీసుకెళ్లడం ఇనుప డిస్కుకూ చేతనవును. కాబట్టి బరువు, వేడి, తుప్పు, మార్పించే ఖర్చు చూసి తేల్చుకోవాలి.

992 తరం పోర్షె 911 జీటీ3నే తీసుకోండి. కారుతో మామూలుగా వచ్చేవి ఇనుప డిస్కులు: ముందు 408, వెనక 380 మిల్లీమీటర్లు, ప్యాడ్లను డిస్కుకు నొక్కిపట్టే క్యాలిపర్లు ఎర్రవి. అదనంగా కడితే సెరామిక్‌వి వేస్తారు: ముందు 410, వెనక 390, పసుపు క్యాలిపర్లు. సైజు కాస్త పెద్దదైనా సెరామిక్ డిస్కు బరువు ఇనుప దాంట్లో దాదాపు సగమే. ఇది స్ప్రింగుల కింద, చక్రంతోపాటు తిరిగే బరువు. అది తగ్గితే గతుకు తగిలాక చక్రం త్వరగా రోడ్డును అంటుకుంటుంది, స్టీరింగ్ చురుగ్గా ఉంటుంది. వేగంగా నడపని రోజున కూడా అందే లాభం ఇది.

ట్రాక్ మీద కథ వేరు. గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్ ఒక చుట్టు 5.125 కిలోమీటర్లు, అందులో కిలోమీటరు పైచిలుకు తిన్నటి దారి ఉంది. డ్రైవరుతో కలిపి 1,500 కిలోల కారు దాని చివర గంటకు 250 కిలోమీటర్ల వేగం నుంచి 100కి దిగాలంటే దాదాపు 30 లక్షల జౌళ్ల శక్తి వదిలించుకోవాలి. 30 డిగ్రీల నీళ్లు పది లీటర్లను మరిగే దాకా తెచ్చేంత వేడి అది, నాలుగైదు సెకన్లలో. గాలి కొంత పంచుకున్నా మిగతాదంతా బ్రేకులే మింగాలి, అదీ ప్రతి చుట్టులో.

ఇంత వేడిలోనూ సెరామిక్ పట్టు సడలదు. కానీ అలా కాగుతూ పోతే డిస్కులోని కార్బన్ పోగులు గాలి తగిలి కొద్దికొద్దిగా కాలిపోతాయి, పైపొర గరుకెక్కుతుంది, డిస్కు బరువు తగ్గుతుంది. ఇనుప డిస్కుకు రంధ్రాల చుట్టూ వెంట్రుకవాసి పగుళ్లు వస్తాయి. ప్యాడ్ పొడి ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అంటుకుని స్టీరింగ్ ఊగుతుంది. ‘డిస్కు వంకర పోయింది’ అని మెకానిక్కులు చెప్పేది చాలాసార్లు ఇదే. రెండూ పాడవుతాయి, కాకపోతే ఇనుప డిస్కు ఖర్చు సెరామిక్ ఖర్చులో చిన్న వంతు. నెలనెలా ట్రాక్‌కు వెళ్లేవాళ్లు ఇనుపవే తీసుకోవాలి. సెరామిక్‌తో వచ్చిన కారుకు వాటిని విప్పి భద్రంగా దాచి, ట్రాక్ కోసం ఇనుపవి వేయించేవాళ్లూ ఉన్నారు. అలా మార్చేటప్పుడు ప్యాడ్లు కూడా మార్చాలి, ఒకదాని ప్యాడ్లు ఇంకొకదానికి పనికిరావు.

ఏ డిస్కయినా, పెడల్ మెత్తబడి కిందికి దిగిపోతుంటే ముందు అనుమానించాల్సింది బ్రేక్ ఆయిల్‌ని. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చుకున్నాక ఆ కనీస హద్దు 155కి పడిపోతుంది. రెండేళ్లకోసారి మార్చడం తప్పనిసరి, ట్రాక్‌కు వెళ్లేముందు అయితే తాజాది పోయించాల్సిందే.

విశాఖ, కాకినాడ లాంటి ఊళ్లలో వారానికోసారి బయటికి తీసే కారుకు సెరామిక్ నయం. ఇనుప డిస్కు మీద రాత్రికి రాత్రే ఎర్రటి తుప్పు పొర కడుతుంది. రెండు మూడు బ్రేకులకు అది గీసుకుపోతుంది గానీ, నెలల తరబడి కదలకపోతే గుంటలు పడతాయి. సెరామిక్ తుప్పు పట్టదు, రిమ్ముల మీద నల్లపొడీ పెద్దగా పడదు. దాని లోపమల్లా వానలో, కారు కడిగిన వెంటనే మొదటి తొక్కుకు పట్టు ఒక క్షణం ఆలస్యంగా దొరకడం. కడిగాక మెల్లగా నడుపుతూ రెండు మూడు సార్లు తొక్కి ఆరబెట్టాలి.

పోర్షెలోనే కయెన్, టైకాన్ కొనేవాళ్లకు మూడో దారి ఉంది: ఇనుప డిస్కు మీద పలచటి టంగ్‌స్టన్ కార్బైడ్ పూత. తెల్ల క్యాలిపర్లను బట్టి గుర్తుపట్టవచ్చు. పొడి చాలా తక్కువ, మన్నిక ఎక్కువ, ధర మధ్యస్థం. ఇంటి వాడకానికి నా ఓటు దీనికే. ఫెరారీ కొంటే ఈ చర్చే ఉండదు, అన్నిటికీ సెరామిక్కే.

సెరామిక్ ఉన్న కారుకు అసలు గండం పంక్చర్ షాపులో. ఐదు బోల్టుల చక్రాన్ని అడ్డదిడ్డంగా లాగితే రిమ్ము డిస్కు అంచుకు కొట్టుకుని పెచ్చు లేస్తుంది. మొదట రెండు బోల్టులు తీసి ఆ స్థానంలో గైడ్ పిన్నులు బిగించి, మిగతావి విప్పి, చక్రాన్ని వాటి మీదుగా తిన్నగా జరపాలి. ఆ పిన్నులు టూల్ కిట్‌లో ఉన్నాయో లేదో ఇవాళే చూసుకోండి.

సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే డిస్కు మందం కొలిచి సరిపెట్టుకోనివ్వకండి. సెరామిక్ అరుగుదల తేలేది బరువులో. కనిష్ఠ బరువు డిస్కు మధ్యనున్న లోహపు భాగం మీదే చెక్కి ఉంటుంది. నాలుగూ విప్పించి, తుడిపించి, గ్రాముల్లో తూచే కాటా మీద పెట్టించి ఆ అంకెతో పోల్చండి. అమ్మేవాళ్లు విప్పడానికి ఒప్పుకోకపోతే, నాలుగు కొత్త డిస్కుల ధర తగ్గించి బేరం మొదలుపెట్టండి.