ఒంగోలులో ఒక దంపతుల కౌన్సెలింగ్ కేంద్రం: ఐదు సిట్టింగుల తరువాత నా అభిప్రాయం

ఒంగోలులో కర్నూలు రోడ్డు నుంచి కాస్త లోపలికి వెళితే వచ్చే ఒక దంపతుల కౌన్సెలింగ్ కేంద్రానికి నేనూ మా వారూ ఈ ఐదు నెలల్లో ఐదుసార్లు వెళ్లి వచ్చాము. అక్కడ మాకు జరిగిన మేలునూ, మేము పడిన ఇబ్బందినీ రెండింటినీ రాయబోతున్నాను కనుక ఆ కేంద్రం పేరు ఇక్కడ పెట్టడం లేదు. కంభం, గిద్దలూరు, బేస్తవారిపేట వైపు పల్లెల్లో సైన్యంలో పనిచేసి వచ్చినవారి ఇళ్లు చాలా ఉన్నాయి. అలాంటి ఇంట్లో భార్యాభర్తల మధ్య మాట ఆగిపోతే ఎక్కడికి వెళ్లాలో, వెళితే లోపల ఏమి జరుగుతుందో చెప్పేవారు లేరు కాబట్టి, వెళ్లి చూసిన మనిషిగా వివరంగా రాస్తున్నాను.

మాకు 1993లో పెళ్లయింది. మా వారు సైన్యంలో ఇంజనీర్ల విభాగంలో పనిచేసి హవల్దారుగా రిటైరయ్యారు. 1998 ఏప్రిల్‌లో, శ్రీరామనవమి వెళ్లిన నాలుగో రోజున, మా మామగారు పోయారు. ఆ మధ్యాహ్నమే నేను కంభం వెళ్లి మా వారికి టెలిగ్రాం కొట్టాను. ఆయన చిరునామాగా నా దగ్గర ఉన్నది నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, చివర 56 ఏపీఓ అన్న సైన్యపు తపాలా ముక్క మాత్రమే. దానిని బట్టి మనిషి కాశ్మీరులో ఉన్నాడో, ఎడారిలో ఉన్నాడో ఇంటివారికి తెలియదు. ఆయన రాలేదు, ఉత్తరమూ రాలేదు. తలకొరివి మా బావగారు పెట్టారు, పెద్దకర్మ అయిపోయింది, చుట్టాలు వెళ్లిపోయారు, మే నెల కూడా గడిచిపోయింది. జూన్‌లో ఆయన సెలవు మీద వచ్చి, తండ్రి పటం ముందు కాసేపు నిలబడి, ఎందుకు రాలేదో ఎవరికీ చెప్పకుండానే భోజనానికి కూర్చున్నారు. అప్పుడు మా అత్తగారు, కోడలు టెలిగ్రాం సరిగ్గా కొట్టి ఉండదని, మా ఇద్దరికీ ఉన్న మాటపట్టింపుల వల్ల కావాలనే ఆలస్యం చేసి ఉంటుందని అందరి ముందూ అన్నారు. ఆయన విన్నారు, తల ఎత్తలేదు. ఆ నింద ఇరవై ఏడేళ్లు నా మీద ఉంది. అత్తగారు పోయే నాటికి కూడా అది తొలగలేదు.

అదే సంవత్సరం మే 11న పోఖ్రాన్‌లో అణుపరీక్షలు జరిగాయని ఆ సాయంత్రం వాజపేయి గారు ప్రకటించినప్పుడు, ఊరంతటితో పాటు నేనూ రేడియోలో విన్నాను. ఆ వార్తకూ మా ఇంటికీ ఏదైనా సంబంధం ఉండవచ్చని అప్పుడు నాకు తోచలేదు. మా వారు ఆ రోజుల్లో ఎక్కడ పనిచేశారో నేను ఇక్కడ రాయను. ఆయన నాతో ఎన్నడూ చెప్పలేదు, నేను అడగడం మానేసి చాలా కాలమైంది.

రిటైరై వచ్చిన తరువాత ఆ చెప్పకపోవడం ఆయనకు అలవాటుగా మిగిలింది. పెన్షన్ కాగితాలు తాళం వేసి ఉంచేవారు, మోకాలికి స్కానింగు తీయించుకున్న సంగతి ఆరు నెలల తరువాత మందుల చీటీ చూసి నాకు తెలిసింది, ఎవరికి ఎంత చేబదులు ఇచ్చారో ఆ తీసుకున్నవారి నోటి నుంచే వినేదాన్ని. రెండేళ్ల క్రితం నుంచి ఆయన మేడ మీద, నేను కింద ఉంటున్నాము. ఈ వయసులో విడాకులేమిటని అందరూ అంటారని తెలిసి కూడా నేను మార్కాపురంలో వకీలును కలిసి వచ్చిన తరువాత, హైదరాబాదులో ఉన్న మా అమ్మాయి ఒక్కసారి కౌన్సెలింగుకు వెళ్లి చూడమని బతిమాలి, ఫోనులోనే మా పేర్లు నమోదు చేయించింది.

నమోదుకు 300 రూపాయలు, ఒక్కొక్క సిట్టింగుకు 700 రూపాయలు తీసుకుంటారు. సిట్టింగు యాభై నిమిషాలు. రసీదు అడిగితేనే ఇస్తారు. శనివారం టోకెన్ పద్ధతి కాబట్టి పది గంటలకు రమ్మన్నా మమ్మల్ని లోపలికి పిలిచేసరికి మొదటిసారి పన్నెండు దాటింది. తెల్లవారుజామున కంభంలో బస్సెక్కి మార్కాపురం, పొదిలి, చీమకుర్తి మీదుగా వచ్చేవారికి అది చిన్న విషయం కాదు. వీధి గుమ్మం మీద ‘వివాహ సమస్యలు’ అని బారెడు అక్షరాలతో బోర్డు పెట్టారు. దాని కింద నిలబడి చెప్పులు విప్పడానికి మా వారు పడిన ఇబ్బంది నేను చూశాను. ఆ బోర్డు మార్చాలి.

మొదటి సిట్టింగులో మాకు ఇచ్చిన కౌన్సెలరు పాతికేళ్ల అబ్బాయి. పది నిమిషాలు విని, మిలిటరీలో పనిచేసినవారికి కోపం సహజమని, ఇంతకాలం సర్దుకున్నారు కాబట్టి ఇంకాస్త సర్దుకుపోవాలని నాకు చెప్పాడు. మా వారికి కోపం లేదు, ఎన్నడూ లేదు. ఆయన దగ్గర ఉన్నది మౌనం. ఎదురుగా ఉన్న మనిషిని చూడకుండా, తాను ఎక్కడో విన్న మిలిటరీ మనిషికి వైద్యం చేయబోయిన ఆ అబ్బాయి మీద నాకు ఇప్పుడు కోపం లేదు గానీ, అలాంటి కేసును అతనికి అప్పగించినవారిది తప్పే. కౌన్సెలరును మార్చమని కౌంటరులో చెప్పినప్పుడు వారు ఎదురు మాట్లాడకుండా, అదనపు రుసుము తీసుకోకుండా, అనుభవం ఉన్న ఒక మేడం దగ్గరకు మార్చారు. ఈ ఒక్క విషయంలో కౌంటరు వారిని మెచ్చుకోవాలి.

రెండో సిట్టింగు గది వల్ల చెడిపోయింది. గదుల మధ్య ఉన్నది ప్లైవుడ్ గోడ. మా వారికి ఎడమ చెవి సరిగ్గా వినపడదు కాబట్టి మేడం గొంతు పెంచి మాట్లాడవలసి వచ్చింది, ఆమె అడిగిన ప్రతి ప్రశ్నా బయట బెంచీ మీద కూర్చున్నవారికి వినిపించింది. పక్క గదిలో ఎవరో ఆడమనిషి ఏడుపు మాకూ వినిపించింది. అలాంటి చోట, రహస్యం కాపాడటమే ఉద్యోగంగా బతికిన మనిషిని మాట్లాడమంటే ఎలా మాట్లాడతాడు? ఆయన చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని యాభై నిమిషాలూ గోడనే చూశారు. మేడం అది గమనించి, తరువాతిసారి సాయంత్రం అయిదున్నరకు రమ్మని, మేడ మీద ఆఫీసు గదిని ఖాళీ చేయించి అక్కడ కూర్చోబెట్టారు. అడగకుండానే చేసిన ఆ ఏర్పాటు వల్లే మేము మూడోసారి వెళ్లిన ఫలితం దక్కింది. అయితే ఆ గది అందరికీ ఇవ్వరు. వినికిడి తక్కువైన పెద్దవారికైనా దానిని కేటాయించే పద్ధతి పెట్టాలని నేను రాతపూర్వకంగా కోరాను.

మూడో సిట్టింగుకు మేడం చదువుకుని వచ్చారు. ఈ కేంద్రం గురించి నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇదే. అంతకుముందు ఆయన సర్వీసు సంవత్సరాలను, నేను చెప్పిన నెలలను రాసుకుని, ఈ మధ్యలో పుస్తకాల్లోనూ పత్రికల్లోనూ అచ్చయిన విషయాలను ఒక కాగితం మీద పెట్టుకుని వచ్చారు. ‘సార్, ఇవన్నీ ఎప్పుడో బయటికి వచ్చినవి. నేను చదువుతాను. మీరు అవును అననక్కరలేదు, కాదు అననక్కరలేదు. అమ్మ వినాలి, అంతే’ అన్నారు. అధికార రహస్యాల చట్టం 1923 నాటిదని, అది ఉద్యోగంలో ఉన్నవారితో పాటు పూర్వం ఉద్యోగం చేసినవారికి కూడా వర్తిస్తుందని, అందుకే ఆయనను తాను ఏదీ అడగడం లేదని ముందే చెప్పారు. ఆ మాటతో మా వారు మొదటిసారి ఆమె ముఖం చూశారు.

తరువాత ఆమె నెమ్మదిగా చదివారు. 1974 మే 18న అదే పోఖ్రాన్‌లో మొదటి పరీక్ష జరిగింది. 1995లో మళ్లీ సన్నాహాలు మొదలైతే అమెరికా ఉపగ్రహాలు పసిగట్టాయి, ఒత్తిడి వచ్చింది, పని ఆగిపోయింది. అందుకని 1998లో సైన్యంలోని ఇంజనీర్లు చాలా పని రాత్రిపూటే చేసేవారు, తెల్లవారేసరికి యంత్రాలను మునుపు ఉన్న చోటికే తెచ్చి నిలిపేవారు, పై నుంచి చూసేవారికి ఏమీ కదలనట్టు కనిపించాలి. తవ్విన ఇసుకను కూడా గాలి వాటాన్ని బట్టి, సహజంగా ఏర్పడిన దిబ్బలా పోసేవారు. శాస్త్రవేత్తలు సైనిక దుస్తులు వేసుకుని మారుపేర్లతో తిరిగారు. అబ్దుల్ కలాం గారి పేరు అక్కడ మేజర్ జనరల్ పృథ్వీరాజ్. తవ్విన గొయ్యిలలో ఒకదానిది 200 మీటర్లకు పైగా లోతు. వాటికి వైట్ హౌస్ అనీ, తాజ్ మహల్ అనీ, కుంభకర్ణ అనీ పేర్లు పెట్టారు. మే 11న బుద్ధ పూర్ణిమ నాటి మధ్యాహ్నం మూడున్నర దాటాక మూడు, 13న రెండు పరీక్షలు జరిగాయి. దగ్గరలోని ఖేతోలాయి గ్రామస్థులకు కూడా చివరి వరకూ సంగతి తెలియదు.

మా వారు అవునని గానీ, కాదని గానీ అనలేదు. కుంభకర్ణ అన్న పేరు చదివినప్పుడు మాత్రం ఆయన కుడిచేతి వేళ్లు బల్ల మీద ఒక్కసారి కదిలాయి. ముప్పై ఏళ్లు ఒక మనిషి వేళ్లను చూసినదాన్ని, నాకు అది చాలు.

నాలుగో సిట్టింగుకు నేను ట్రంకుపెట్టె అడుగు నుంచి టెలిగ్రాం రసీదు తీసుకువెళ్లాను. 2013లో దేశంలో టెలిగ్రాం సర్వీసే ఎత్తేశారు, కానీ నా నిర్దోషిత్వానికి ఉన్న ఒకే కాగితం అది కాబట్టి నేను దానిని పారేయలేదు. తేదీ ఇంకా కనిపిస్తుంది. మేడం దానిని బల్ల మీద ఆయన వైపు తిప్పి పెట్టి, ‘ఎక్కడ ఉన్నారు, ఏమి పని, ఎవరితో, ఈ మూడూ మీ దగ్గరే ఉంచుకోండి సార్. ఈ టెలిగ్రాం మీకు ఎప్పుడు అందింది? ఇది ఏ చట్టం కిందా రహస్యం కాదు’ అని అడిగారు. చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు. ఆమె కూడా తొందరపెట్టలేదు, గడియారం చూడలేదు.

‘రెండో రోజే అందింది’ అన్నారు మా వారు. ‘సెలవు అడిగితే పంపించేవారే. నేనే అడగలేదు.’

ఆ తరువాత ఆయన చెప్పినదంతా రాయను. పనిని వదలలేక తండ్రి దహనానికి రాలేదన్న మాట తల్లి ముందు చెప్పుకోలేకపోయారని, నా మీద పడిన మాటను తుడిచేయాలంటే ఆ మాట చెప్పక తప్పదు కాబట్టి నోరు మెదపలేదని మాత్రం రాస్తాను. ఇన్నేళ్లూ నేను దేశ రహస్యం అనుకున్న దానిలో సగం ఆయన సిగ్గు. ఈ రెండింటినీ విడదీసి బల్ల మీద వేరువేరుగా పెట్టడం మా ఇంట్లో ఎవరికీ చేతకాలేదు, వకీలుకూ చేతకాలేదు, ఆ మేడం చేసి చూపించారు. అందుకే ప్లైవుడ్ గోడలూ, టోకెన్లూ, బోర్డూ ఉన్నా ఈ కేంద్రానికి వెళ్లమనే చెబుతాను. అనుభవం ఉన్న కౌన్సెలరును ఇమ్మని మాత్రం మొదటి ఫోనులోనే గట్టిగా అడగాలి.

అయిదో సిట్టింగు చిన్నది, ఆయన మా బావగారికి ఏమని చెప్పాలో మాట్లాడుకోవడానికే సరిపోయింది. తిరుగు బస్సు చీమకుర్తి దాటుతుండగా కిటికీ పక్కన గ్రానైట్ క్వారీల మట్టి దిబ్బలు కనిపించాయి. మా వారు వాటి వైపు చూస్తూ, నేను ఏమీ అడగకుండానే, ‘దిబ్బను ఇట్లా నిటారుగా పోస్తే ఎంత దూరం నుంచైనా తెలిసిపోతుంది. గాలి ఎటు వీస్తే అటు వాలుగా పోయాలి’ అన్నారు. నేను సరేనన్నాను.

ఖర్చు భరించలేనివారికి రెండు దారులు తెలుసుకున్నాను. మానసిక ఇబ్బందులకు ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేసి తెలుగులోనే ఉచితంగా మాట్లాడవచ్చు. కేసు కుటుంబ న్యాయస్థానం దాకా వెళితే 1984 నాటి చట్టం ప్రకారం అక్కడ కూడా ముందు రాజీ కుదర్చడానికి ప్రయత్నిస్తారు. మాకు ఐదు సిట్టింగులకూ నమోదుతో కలిపి 3,800 రూపాయలు అయింది, బస్సు చార్జీలు వేరు.

మామగారి ఆబ్దికం చైత్రంలో వస్తుంది. ఆ రోజు భోజనాలకు ముందే బావగారితో చెబుతానని ఆయన అన్నారు. ఆరో సిట్టింగు దాని తరువాతి శనివారానికి పెట్టుకున్నాము, మేడ మీది గదే కావాలని ఫోనులో చెప్పి ఉంచాను.