ఉత్తుత్తి అధ్యక్ష ఎన్నికకి సీఐవీఎస్ వాడాం, ఇదీ సంగతి

ఆన్‌లైన్ గ్రూపుల్లో సరదాకి అధ్యక్ష ఎన్నిక పెట్టుకునేవాళ్లకి ముందే ఒక మాట. మేనిఫెస్టోలు, డిబేట్లు, పోస్టర్లు ఎంత బాగా కుదిరినా ఓటింగ్ దగ్గర చప్పబడితే ఆటంతా అక్కడే పోతుంది. నాలుగు పేర్లు రాసి "ఒకటి నొక్కండి" అని పోల్ పెట్టేస్తే పది నిమిషాల్లో అయిపోతుంది, మర్నాటికి ఎవరికీ గుర్తుండదు. మేం ఈసారి సీఐవీఎస్ అనే ఉచిత ఓటింగ్ సర్వీసులో పెట్టాం. ఎన్నికల అధికారి బాధ్యత నాది కాబట్టి పోల్ తయారీ నుంచి ఫలితాల దాకా అంతా దగ్గరుండి చూశాను. నాకు చాలా నచ్చింది. ఎందుకు నచ్చిందో, ఎక్కడ కాస్త ఓపిక కావాలో వివరంగా రాస్తున్నా.

ముందు పాత ఎన్నిక సంగతి చెప్పాలి, లేకపోతే ఈ మార్పు ఎందుకో అర్థం కాదు. అప్పుడు ఒక చాటింగ్ యాప్‌లోనే పోల్ పెట్టాం. "వాయిస్ మెసేజ్‌లు వద్దు, టైప్ చేయండి" అనే నినాదంతో ఇద్దరు నిలబడ్డారు, ఇద్దరికీ మంచి పేరుంది. ఎదురుగా వాయిస్ మెసేజ్‌ల అభిమాని ఒక్కరే. ఇంకేముంది, టైపింగ్ ఓట్లు చీలిపోయాయి, గ్రూపులో ఎక్కువమందికి ఇష్టం లేని మనిషి అధ్యక్షుడయ్యాడు. పైగా ఎవరు ఎవరికి వేశారో అందరికీ కనిపించే పోల్ అది, చివరి గంటలో చాలామంది గెలిచేవైపుకి జరిగిపోయారు. సరదా ఎన్నికే అయినా రెండు రోజులు మొహమాటాలు నడిచాయి. నిజం ఎన్నికల్లో కూడా ఇదే జరుగుతుంది. 2002 ఫ్రాన్స్ అధ్యక్ష ఎన్నికలో మొదటి రౌండ్‌కి 16 మంది నిలబడ్డారు, వామపక్ష ఓట్లు చాలా ముక్కలయ్యాయి, వామపక్ష అభ్యర్థి, అప్పటి ప్రధాని జోస్పాన్ 16.18 శాతంతో మూడో స్థానానికి పడిపోయి రెండో రౌండ్‌కే రాలేదు. 16.86 శాతం వచ్చిన అతివాద మితవాద నాయకుడు ల పెన్ రెండో రౌండ్‌కి వెళ్లి, అక్కడ అప్పటి అధ్యక్షుడు షిరాక్ చేతిలో చిత్తుగా ఓడిపోయాడు, షిరాక్‌కి 82 శాతం పైనే వచ్చాయి. ఒక్క టిక్కు పెట్టే పద్ధతిలో జనం మనసులో ఉన్నది సగమే బయటికొస్తుంది అనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలీదు.

సీఐవీఎస్ అంటే కాండోర్సే ఇంటర్నెట్ ఓటింగ్ సర్వీస్. అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్ ఆండ్రూ మయర్స్ తయారుచేశారు, 2003 నుంచి నడుస్తోంది. ఉచితం, ప్రోగ్రాం కోడ్ కూడా బహిరంగంగానే ఉంది. ఇందులో ఓటరు ఒక్కరిని ఎంచుకోడు, అందరినీ వరసలో పెడతాడు. మొదటి ఇష్టం ఎవరు, రెండో ఇష్టం ఎవరు, ఎవరు అస్సలు వద్దు అని. ఆ వరసల నుంచి సిస్టమ్ ప్రతి ఇద్దరు అభ్యర్థులనీ విడిగా పోటీ పెట్టి చూస్తుంది. అందరితోనూ ముఖాముఖిలో గెలిచినవాళ్లే విజేత. 18వ శతాబ్దపు ఫ్రెంచి మేధావి కాండోర్సే ఆలోచన ఇది, 1785లో ఆయన దీని మీద పెద్ద గ్రంథమే రాశాడు.

పోల్ తయారుచేయడం తేలిక. పేరు, వివరణ, ఎప్పుడు ముగుస్తుందో ఆ సమయం, అభ్యర్థుల పేర్లు లైనుకొకటి చొప్పున, అంతే. కింద కొన్ని ఆప్షన్లుంటాయి, అవి తొందరపడకుండా చదవండి, ఎన్నిక రుచి అంతా వాటిలోనే ఉంది. ప్రైవేట్ పోల్ పెడితే మీరిచ్చిన ఈమెయిల్ అడ్రసులకి విడివిడిగా లింకులు వెళ్తాయి, ఒక్కో లింకుకి ఒక్క ఓటే. పబ్లిక్ పెడితే లింకు దొరికిన ఎవరైనా వేయొచ్చు, అంటే దొంగ ఓట్ల టెన్షన్ మీకే. మా గ్రూపులో ఒకే మనిషికి మూడు అకౌంట్లున్న సంగతి అందరికీ తెలుసు, అందుకని ప్రైవేటే పెట్టాం.

ఇక నామినేషన్లు. బరిలో నలుగురు మిగిలారు. రాత్రి రెండింటికి ప్రశ్న వేసినా జవాబిచ్చే అక్క ఒకరు. ప్రతి పోస్టులో అచ్చుతప్పులు దిద్దే మాస్టారు ఇంకొకరు, ఆయన మేనిఫెస్టోలో మొదటి హామీ "తప్పు రాసినవారికి ఐదు నిమిషాల మౌనం". కొత్తవాళ్లకి ఆటోమేటిక్‌గా స్వాగతం చెప్పే బాట్ మూడో అభ్యర్థి. నాలుగోది ఒక సభ్యురాలి పిల్లి. దాని మేనిఫెస్టో ఒకే ఒక్క లైను, కీబోర్డు మీద నడిచినప్పుడు పడింది: "జజజజజకకక;;;". దాన్ని మార్చకుండా అలాగే పెట్టాం. స్క్రూటినీలో పెద్ద గొడవ జరిగింది. "అన్నా, పిల్లి నామినేషన్ ఎలా ఒప్పుకుంటారు, అది సంతకం పెట్టలేదు కదా" అని మాస్టారి తరఫు కుర్రాడు అభ్యంతరం పెట్టాడు. నేను ఉదాహరణలు చూపించాను. 1968లో అమెరికాలో యిప్పీలు అనే నిరసనకారుల బృందం వాళ్లు పిగాసస్ అనే పందిని అధ్యక్ష అభ్యర్థిగా షికాగో వీధుల్లో నిలబెట్టారు, పోలీసులు దాన్నీ వాళ్లనీ కలిపి పట్టుకెళ్లారు. 1959లో బ్రెజిల్‌లోని సావోపాలో నగర కౌన్సిల్ ఎన్నికలో కకరేకో అనే ఖడ్గమృగానికి లక్ష దాకా ఓట్లు పడ్డాయి, వాటిని చెల్లనివిగా తీసేశారనుకోండి, జనం తమ కోపాన్ని మాత్రం గట్టిగానే చెప్పారు. అది విన్నాక పిల్లి నామినేషన్ ఆమోదం పొందింది. పిల్లి తరఫు ప్రచారకర్త ఆ రోజు పెట్టిన ఫొటో, కిటికీలో వెనక్కి తిరిగి కూర్చున్న పిల్లి, కింద "ప్రతిపక్షాన్ని పట్టించుకోవడం లేదు" అని రాత, మొత్తం ప్రచారంలో నాకు అన్నిటికంటే నచ్చిన పోస్టరు.

ఓటరు పేజీ గురించి చెప్పాలి, ఎందుకంటే మామూలు సభ్యులు చూసేది అదొక్కటే. అభ్యర్థులు ఒక్కో ఓటరుకి ఒక్కో క్రమంలో కనిపిస్తారు, అందువల్ల జాబితాలో పైన ఉన్నారని ఎవరికీ అదనపు లాభం ఉండదు. ఇది వద్దనుకుంటే ఇచ్చిన వరసలోనే చూపించమనొచ్చు, నా సలహా మాత్రం కదపకండి. పేర్లని పట్టుకుని పైకీ కిందికీ జరపొచ్చు, ఇద్దరూ సమానమే అనిపిస్తే ఒకే స్థానం ఇవ్వొచ్చు. ఈ సమానం అనే సదుపాయం చిన్నదిగా కనిపిస్తుంది గానీ మొహమాటస్తులకి ప్రాణం లేచొస్తుంది. బాట్‌ని, పిల్లిని సమానంగా పెట్టిన బ్యాలెట్లు చాలానే కనిపించాయి. "అభిప్రాయం లేదు" అనే ఆప్షన్ కూడా ఇవ్వొచ్చు, కొత్త సభ్యులు ఎక్కువున్న గ్రూపులో అది తప్పకుండా ఇవ్వండి, తెలియని మనిషికి బలవంతంగా స్థానం ఇప్పించడం ఎందుకు?

ఇక అసలు వినోదం ఫలితాల పేజీ. నిలువుగా అభ్యర్థులు, అడ్డంగా అభ్యర్థులు, మధ్యలో గడులు. ప్రతి గడిలో ఆ ఇద్దరిలో ఒకరిని రెండోవాళ్లకంటే పైన పెట్టినవాళ్లు ఎందరో ఆ అంకె ఉంటుంది, గెలుపు ఓటములు రంగుల్లో తేలిగ్గా తెలుస్తాయి. ముప్ఫై మంది ఓటర్లున్నారనుకోండి, వాయిస్ అభ్యర్థికి పన్నెండు మొదటి ఓట్లు, టైపింగ్ వాళ్లిద్దరికీ తొమ్మిదేసి. ఒక్క టిక్కు పద్ధతిలో వాయిస్ గెలిచేస్తాడు. ఇక్కడ మాత్రం ఆయన టైపింగ్ అభ్యర్థుల్లో ఎవరితో ముఖాముఖి తలపడినా 12–18తో ఓడతాడు, ఎందుకంటే టైపింగ్ వాళ్లు రెండో స్థానం ఒకరికొకరు ఇచ్చుకుంటారు. పాత ఎన్నికలో మాకు తగిలిన దెబ్బ ఇదే, ఈ పట్టిక చూడగానే అందరికీ ఒక్కసారిగా అర్థమైంది.

ఈసారి ఏమైందంటే, బ్యాలెట్ల వివరాలు చూపించే ఆప్షన్ ముందే ఆన్ చేశాం. ఎవరిదో తెలియకుండా ఒక్కో బ్యాలెట్‌లోని వరస మాత్రమే కనిపిస్తుంది. మొదటి స్థానాలు లెక్కపెడితే పిల్లిదే పైచేయి. పిల్లి వర్గం సంబరాలు మొదలుపెట్టేసింది కూడా. కానీ విజేత అక్క. మాస్టారి ఓటర్లకి రెండో ఇష్టం ఆవిడే, బాట్‌ని ఇష్టపడేవాళ్లకీ ఆవిడే, ముఖాముఖిలో ముగ్గురి మీదా గెలిచారు, పిల్లి మీద మాత్రం చాలా తక్కువ తేడాతో. ఎవరి మొదటి ఇష్టమో కాకుండా అందరూ ఒప్పుకునే మనిషి ఎవరో తేలింది, ఒక గ్రూపు అధ్యక్ష పదవికి నా దృష్టిలో కావలసింది అదే. ఆ తర్వాత రెండు గంటలు జనం గడులు చదువుకుంటూ కూర్చున్నారు. "మాస్టారూ, మీరు బాట్ మీద కూడా ఓడిపోయారండీ" అని ఒకరు, "ఆ గడిలో తేడా ఒక్క ఓటే, రీకౌంటింగ్ కావాలి" అని మాస్టారు. పిల్లి వర్గం నుంచి ప్రకటన వచ్చింది, "మా అభ్యర్థి ప్రజా తీర్పుని గౌరవిస్తోంది, ప్రస్తుతం నిద్రపోతోంది" అని. ఓడిపోయినవాళ్లకి ఎక్కడ, ఎవరి చేతిలో, ఎంతతో ఓడారో కళ్లముందు ఉంటే అలక ఉండదు.

ఒక్కోసారి ఇందులో చిక్కుముడి పడుతుంది. పిల్లి మాస్టారిని గెలిచి, మాస్టారు బాట్‌ని గెలిచి, బాట్ తిరిగి పిల్లిని గెలవొచ్చు. అప్పుడు అందరినీ గెలిచినవాళ్లంటూ ఉండరు. దానికి షుల్జే, మినిమాక్స్ లాంటి పరిష్కార పద్ధతులు ఫలితాల పేజీలోనే ఉన్నాయి, ఒకటి మార్చి ఇంకోటి పెట్టి చూసుకోవచ్చు. ఏ పద్ధతి లెక్కలోకి వస్తుందో పోలింగ్ మొదలవకముందే ప్రకటించండి. ఫలితాలు చూశాక పద్ధతి ఎంచుకుంటే మీ మీద నమ్మకం పోతుంది. డెబియన్ అనే ఉచిత కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ (లైనక్స్) ప్రాజెక్టువాళ్లు తమ నాయకుణ్ణి ఎన్నుకోవడానికి ఇలాంటి కాండోర్సే పద్ధతినే వాడతారు, కాబట్టి ఇది ఆటలకే పరిమితమైన లెక్కేమీ కాదు.

ఇష్టాలని వరసలో రాయడం మనకి కొత్త కూడా కాదు. భారత రాష్ట్రపతి ఎన్నిక ప్రాధాన్య ఓట్లతోనే జరుగుతుంది. 1969లో వి.వి.గిరి, నీలం సంజీవరెడ్డి తలపడినప్పుడు మొదటి ప్రాధాన్య ఓట్లలో ఎవరికీ సగం దాటలేదు, గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, సి.డి.దేశ్‌ముఖ్‌కి 1,12,769. రెండో ప్రాధాన్యాలు కలిపాక గిరి 4,20,077తో గట్టెక్కారు, సంజీవరెడ్డి 4,05,427 దాకా వచ్చేశారు! ఐర్లాండ్‌లో 1990లో ఇంకా విచిత్రం, మొదటి లెక్కలో 44 శాతంతో ముందున్న లెనిహాన్‌ని దాటి, దాదాపు 39 శాతం దగ్గరున్న మేరీ రాబిన్సన్ బదిలీ అయిన ఓట్లతో అధ్యక్షురాలయ్యారు. ఈ రెండు చోట్లా వాడింది కిందివాళ్లని ఒక్కొక్కరినీ తీసేసి వాళ్ల ఓట్లని బదిలీ చేసే పద్ధతి, సీఐవీఎస్‌ది ముఖాముఖి పద్ధతి, రెండూ ఒకటి కాదు. అందరికీ రెండో ఇష్టమైన మనిషి మొదటి ఓట్లు తక్కువై ముందే బయటికి పోయే ప్రమాదం తొలగింపు పద్ధతిలో ఉంటుంది, ముఖాముఖిలో ఉండదు. గ్రూపు ఎన్నికకి నేను ముఖాముఖి వైపే.

ఓపిక కావలసిన చోట్లు కూడా చెప్తాను. ప్రైవేట్ పోల్‌లో ఓటెయ్యాలంటే సభ్యులు ముందుగా తమ ఈమెయిల్‌ని సీఐవీఎస్‌లో యాక్టివేట్ చేసుకోవాలి. అడగని మెయిళ్లు ఎవరికీ వెళ్లకూడదని పెట్టిన నియమం, ఉద్దేశం మంచిదే. కాకపోతే సరదాకి వచ్చినవాళ్లలో కొందరికి ఇదొక అదనపు మెట్టు. మేం దీన్ని ఓటరు నమోదుగా ప్రకటించి, గడువు పెట్టి, "నమోదు చేసుకున్నారా?" అని పోస్టర్లు వేశాం, అదీ ప్రచారంలో భాగమైపోయింది. పేజీలు పాతకాలపు రూపంలో, రంగులూ హంగులూ లేకుండా ఉంటాయి. నాకది ఇబ్బంది కాదు, అందం కోసం చూసేవాళ్లు ముందే తెలుసుకోండి. మరో విషయం, సభ్యుల ఈమెయిళ్లు అధికారి చేతికి వస్తాయి కాబట్టి గ్రూపంతా నమ్మే మనిషికే ఆ పని ఇవ్వాలి. అసలు పేరు బయటపెట్టడం ఇష్టం లేనివాళ్లు ఈ ఎన్నిక కోసం వేరే మెయిల్ తెరుచుకుంటే మంచిది. నిజమైన పదవులు, డబ్బు ముడిపడ్డ ఎన్నికలకి దీన్ని వాడమని నేను చెప్పను.

గూగుల్ ఫారమ్స్‌తో పోల్చి అడిగారు కొందరు. అందులో గ్రిడ్ ప్రశ్న పెట్టి వరసలు అడగొచ్చు, ఒక్కరికి ఒక్క ఓటే అని కట్టడి చెయ్యాలంటే గూగుల్ అకౌంటుతో లాగిన్ అడగాలి, లెక్కంతా చివర్లో మీరే కూర్చుని వేసుకోవాలి. నలుగురు అభ్యర్థులంటే ఆరు ముఖాముఖిలు, ఎనిమిది మందైతే ఇరవై ఎనిమిది. చేత్తో చేసే పని కాదది. ఐదారుగురున్న చిన్న గ్రూపైతే ఇవేవీ అక్కర్లేదు, నోటితో అడిగేయండి. ముగ్గురికి మించి అభ్యర్థులు, ఇరవై మందికి పైన ఓటర్లు ఉంటే మాత్రం నేను ఇంకో దారి సూచించను.

మా కొత్త అధ్యక్షురాలు మొదటి ఉత్తర్వుగా ఉపాధ్యక్ష పదవికి నోటిఫికేషన్ ఇచ్చేశారు. అది కూడా సీఐవీఎస్‌లోనే, ఈసారి నామినేషన్లకి సంతకం తప్పనిసరి, పంజా గుర్తు చెల్లుతుందని నియమావళిలో స్పష్టంగా రాశాం.