చెరువు కట్ట: కార్పొరేషన్‌కా, కంపెనీకా?

సాయంత్రం నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర పది రూపాయల శనక్కాయల పొట్లం పట్టుకుని ఎంతసేపు కూర్చున్నా లెమ్మనేవాళ్లుండరు. మాల్‌లో ఏసీ ఉంది, బాత్రూమ్ శుభ్రంగా ఉంటుంది, కానీ ఇంటినుంచి తెచ్చుకున్న పులిహోర డబ్బా గేటు దగ్గరే ఆగిపోతుంది.

నెల్లూరులో ఇలాంటి జాగాలు కార్పొరేషన్ చేతిలో ఉంటే మేలా, ముప్పై ఏళ్ల లీజు రాసి కంపెనీకిస్తే మేలా అని మా వాకింగ్ బ్యాచ్‌లో వాదన. "కంపెనీకిస్తే లైట్లన్నా వెలుగుతాయి సామీ" అన్నాడొకాయన. కాదనలేను. సర్కారు పార్కుల్లో మాడిన బల్బుకు దిక్కెవరో మనకు తెలిసిందే.

ప్రైవేటు చెయ్యి మనకు కొత్తా ఏమిటి? సంత ఆశీలు వేలం పాటలోనే పోతాయి. పాడుకున్నవాడు బండికి ఎక్కువ గుంజుతాడు, గొడవవుతుంది. కానీ ఏడాది తిరిగితే మళ్లీ పాట. ముప్పై ఏళ్ల లీజుకు ఆ మళ్లీ ఉండదు.

చికాగో 2008లో దాదాపు 36 వేల పార్కింగ్ మీటర్లను సుమారు 115 కోట్ల డాలర్లకు 75 ఏళ్లపాటు కంపెనీకి రాసిచ్చింది. ఇప్పుడు ఉత్సవానికని వీధి మూస్తే, మీటర్లకు పోయిన రాబడి నగరమే కంపెనీకి కట్టుకోవాలి.

ఇక మన రొట్టెల పండగ తలుచుకోండి. మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా పక్కన చెరువులో లక్షలమంది దిగి పెళ్లి రొట్టె, చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె అంటూ ఒక్కో కోరిక పేరున రొట్టెలు మార్చుకుంటారు. కట్ట పొడుగునా గాజుల బండ్లు, బొరుగుల బండ్లు. లీజు కాగితంలో ఆ రోజుల సంగతి రాయకపోతే చికాగో బిల్లు మనకూ వస్తుంది. "అయితే వీసా రొట్టెకు టికెట్టు పెడతారంటావా?" అని నవ్వాడాయన.

అలాగని కార్పొరేషన్ అంటే జనం చెయ్యే అని మురిసిపోలేం. 2019లో పాలకవర్గం గడువు తీరాక 2021 నవంబరు ఎన్నికల దాకా 54 డివిజన్లకూ కార్పొరేటర్ లేడు, అధికారులదే రాజ్యం. ఇంకోటుంది. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం, బండ్ల సంగతి చూసే పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది బండ్లవాళ్లే ఎన్నుకున్న ప్రతినిధులు ఉండాలి. మా శనక్కాయల ఆమెను అడిగితే ఆ మాటే వినలేదంది.

నన్నడిగితే లైట్లు, బాత్రూములు, ఊడ్పు రెండేళ్ల కాంట్రాక్టుకు ఇవ్వచ్చు. ఎవరు లోపలికి రావాలి, బండి ఎక్కడ నిలబడాలి అన్నది మాత్రం కౌన్సిల్, ఆ కమిటీ కూర్చుని తేల్చాలి. వాకింగ్ బ్యాచ్ ఇంకా ఒప్పుకోలేదు.