ఆరేళ్ల తర్వాత నా స్లీవ్ సర్జరీ: వెళ్లిన ఆకలి తిరిగొచ్చింది

2020 జనవరిలో బెంగళూరులో, బరువు తగ్గడానికి స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ అనే కడుపు సర్జరీ చేయించుకున్నాను. అప్పుడు నాకు 36 ఏళ్లు, 112 కిలోలు, ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. ఏడాదిన్నరకి 66కి దిగాను. ఇవాళ పొద్దున తూకం 75. సర్జరీ అయిన ఆర్నెల్లకే సంబరంగా చెప్పేవాళ్ల మాటలు విని నేను ఆస్పత్రి మెట్లెక్కాను. ఆర్నెల్లకి ఎవరికైనా బాగానే ఉంటుంది. అందుకే ఇన్నేళ్లు ఆగి రాస్తున్నాను.

పొట్ట మీద చిన్న చిన్న రంధ్రాలు పెట్టి, జీర్ణాశయంలో ముప్పాతిక భాగం పైగా కోసి తీసేస్తారు. మిగిలేది అరటికాయలాంటి సన్నటి గొట్టం. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసే భాగంలోనే. అంటే చోటు తగ్గడమే కాదు, ఆకలే తగ్గుతుంది. డాక్టరు గారు చెప్తుంటే తలూపాను గానీ, ఆకలి లేకపోవడం ఎలా ఉంటుందో అప్పుడు ఊహకి అందలేదు.

ఎలా ఉంటుందంటే, ఫోన్‌లో అలారం పెట్టుకుని తినాలి. చిన్నప్పటి నుంచి 'దీనికి తిండి ధ్యాస తప్ప ఇంకోటి లేదు' అనిపించుకున్న మనిషిని నేను. అలాంటిది మధ్యాహ్నం మూడైనా తినలేదన్న సంగతే గుర్తొచ్చేది కాదు. మొదటి రెండు వారాలు పప్పుకట్టు, పలచటి మజ్జిగ, ప్రొటీన్ పొడి కలిపిన పాలు. తర్వాత మెత్తగా మెదిపిన పప్పన్నం, నెల దాటాక గుడ్డు. ఆస్పత్రి వాళ్లిచ్చిన కాగితంలో ఓట్సు, బ్రకోలీ, ఏదో సూపు ఉన్నాయి తప్ప మనింట్లో వండేది ఒక్కటీ లేదు. ఫీజు తీసుకునేటప్పుడు మాత్రం అన్నీ విడమరిచి చెప్పారు. పెసరపప్పు కట్టులో ఉప్పు, జీలకర్ర వేసుకుని నా తిప్పలు నేనే పడ్డాను.

ఎవరూ చెప్పని కష్టం నీళ్లది. ఎండలోంచి వచ్చి చెంబెడు నీళ్లు గటగటా తాగడం అనేది మొదటి ఏడాది ఇక లేదనుకోండి. గుక్కెడు తాగాలి, ఆగాలి, మళ్లీ గుక్కెడు. అన్నంతో పాటు తాగకూడదు, తిన్నాక అరగంట దాకా తాగకూడదు. తొందరపడి ఒక ముద్ద సరిగ్గా నమలకుండా మింగితే అది గొంతులో కాదు, రొమ్ము మధ్యలో కూర్చుంటుంది. నోట్లో నురగలాంటి ఉమ్మి ఊరుతుంది. లేచి బాత్రూంకి పరుగెత్తాల్సిందే. నాకలా ఎక్కువగా చేసేవి మిగిలిపోయిన చికెన్, పొడిపొడిగా ఉన్న అన్నం.

రెండు నెలలయ్యేసరికి లాక్‌డౌన్ వచ్చింది. నా వరకు అది అదృష్టమే. మూడో నెల నుంచి దువ్వెన పెడితే పిడికెడు జుట్టు వచ్చేది. బరువు వేగంగా తగ్గినప్పుడు అలా రాలుతుందని, మళ్లీ వస్తుందని ముందే చెప్పారు కాబట్టి ఏడవలేదు, అంటే ఒక్కసారే ఏడ్చాను. ఏడాది లోపే మళ్లీ వచ్చింది, మునుపటంత ఒత్తుగా కాదు. ఆఫీసు అంతా ల్యాప్‌టాప్‌లోనే గనక ఎవరూ చూడలేదు. నేను మళ్లీ గేటు దాటి తిరిగేటప్పటికి ముప్పై కిలోలు తగ్గాను, పైగా మాస్కు. మారతహళ్లిలో మా ఓనరాంటీ మెట్ల మీద నన్ను ఆపి 'ఎవరు కావాలమ్మా' అన్నట్టు చూసింది. గుర్తుపట్టాక మెల్లగా కన్నడంలో 'హుషారిల్వా?' అని అడిగింది, ఒంట్లో బాలేదా అని. లావుగా ఉన్నన్నాళ్లూ ఎవరూ అడగని ప్రశ్న అది.

ఊళ్లో అమ్మయితే వీడియో కాల్‌లో చూసి 'ముఖం పీక్కుపోయిందే తల్లీ' అని ఒకటే గోల. సర్జరీ సంగతి అత్తయ్యగారికి ఏడాది దాకా చెప్పలేదు. చెప్పాక ఆవిడ అన్న మాట ఇంకా గుర్తుంది: 'తినకుండా ఉంటే పోయేదానికి లక్షలు పోశారా?' నిజానికి కరోనా ముందు ఏడేళ్లలో మూడుసార్లు ఇరవై కిలోల చొప్పున తగ్గి, మళ్లీ పాతిక చొప్పున పెరిగాను. ఆవిడకి ఆ లెక్క చెప్పలేదు, వాదన పెరుగుతుందని.

బాగుపడ్డవి గబగబా చెప్పేస్తాను, ఎందుకంటే వీటి గురించి అందరూ చెప్తారు. స్లీప్ అప్నియాకి, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బుకి, రాత్రుళ్లు ముక్కుకి పెట్టుకునే సీప్యాప్ మెషీన్ ఎనిమిదో నెలలో, మళ్లీ టెస్టు చేశాకే, అటకెక్కింది. బీపీ మాత్ర ఆగింది. మూడు నెలల షుగర్ 8.1 నుంచి 5.6కి వచ్చింది, ఇప్పుడు 6.0. మోకాళ్లు నొప్పి లేకుండా మెట్రో మెట్లెక్కుతాను. చెల్లెలి కూతురి ఓణీల ఫంక్షన్‌లో బాసింపట్టు వేసుకుని కింద కూర్చుని భోంచేశాను. ఇదొక్కటీ మాత్రం గబగబా చెప్పలేను. ఇరవయ్యేళ్లుగా కుర్చీ వెతుక్కునే మనిషిని.

ఒళ్లు మారాక వచ్చే విచిత్రాలు వేరే. డిసెంబర్ బెంగళూరు చలి మునుపు నాకు తెలిసేదే కాదు, ఇప్పుడు ఫ్యాను వేస్తే స్వెట్టర్ కావాలి. గట్టి కుర్చీలో అరగంట కూర్చుంటే వెన్నుపూస చివర ఎముక గుచ్చుకుంటుంది, అక్కడ మెత్త పోయింది మరి. ఉంగరం పప్పులో జారిపడింది. చెప్పుల సైజు కూడా ఒకటి తగ్గింది. ఇక చర్మం. చేతుల కింద వేలాడేది జాకెట్టు చేతుల్లో దూర్చేస్తాను. పొట్ట కింద మడత మాత్రం చీర కుచ్చిళ్ల వెనక దాక్కుంటుంది గానీ ఎండాకాలం చెమటకి ఒరుసుకుని దురద, పుండ్లు. స్నానం చేశాక మెత్తటి బట్టతో తడి లేకుండా తుడుచుకోవడం ఒక్కటే నాకు పనిచేసిన వైద్యం. కోసి తీసేసే సర్జరీ ఉంది, దానికి మళ్లీ డబ్బు, మళ్లీ సెలవు. వద్దనుకున్నాను.

తప్పు ఒకటి నాది. రెండో ఏడాది అంతా బాగుందని మాత్రలు మానేశాను. బీ12, ఐరన్, కాల్షియం, డీ విటమిన్: ఇవి జీవితాంతం అన్నది కాగితంలో ఉంది, డాక్టరు గారి నోట కూడా విన్నాను. ఏడు నెలలకి అరికాళ్లు చీమలు పాకినట్టు తిమ్మిర్లు. బీ12 అట్టడుగుకి పోయింది. ఇంజెక్షన్లు చేయించుకున్నాక రెండు నెలలకి తగ్గింది. అప్పటి నుంచి ఆదివారం రాత్రి వారానికి సరిపడా డబ్బాలో మాత్రలు సర్దడం మా ఆయన డ్యూటీ.

ఇక అసలు విషయం. మూడో ఏడు మధ్యలో ఒక సాయంత్రం కడుపులో ఏదో కదిలింది. నొప్పేమో అనుకున్నాను. ఆకలి! రెండున్నరేళ్ల తర్వాత. అలారం లేకుండా. సంతోషపడాలో భయపడాలో తెలియలేదు. అప్పటికి నేర్చుకున్నది ఏంటంటే, ఈ గొట్టం కడుపు నింపే తిండిని ఆపుతుంది, నమలగానే కరిగి జారిపోయే తిండిని ఆపదు. ఒకటిన్నర ఇడ్లీ తింటే చాలు అంటుంది. అదే మిక్చరు, జంతికలు, ఐస్‌క్రీం, బిస్కెట్టు ముంచిన కాఫీ ఎంతైనా దిగిపోతాయి. ఇంటి నుంచి పని, పక్కన మిక్చరు డబ్బా. భోజనం ఎప్పుడూ గుప్పెడే, కాబట్టి నేను ఎక్కువ తింటున్నానని నాకే అనిపించలేదు. 66 నుంచి 75 అలా వచ్చింది. కడుపు కోశారు గానీ, టెన్షన్ వస్తే డబ్బా వైపు పోయే చేతిని ఎవరూ కోయలేదు. దానికి ఒక కౌన్సెలర్ దగ్గర పది వారాలు కూర్చున్నాను. సర్జరీకి ముందే కూర్చుని ఉండాల్సింది.

2025లో బరువు తగ్గించే మౌంజారో ఇంజెక్షన్ మన దేశంలోకి వచ్చినప్పటి నుంచి ఆఫీసులో అందరూ అడుగుతున్నారు, 'అప్పుడే ఇదుంటే కోయించుకునేదానివి కాదు కదా?' అని. బీఎంఐ (ఎత్తుకి బరువు ఎంత ఉందో చెప్పే లెక్క) 45తో, రాత్రి ఊపిరి ఆగిపోతూ ఉన్న ఆ మనిషి ఇప్పుడు వచ్చినా నేను సర్జరీకే వెళ్లమంటాను. బీఎంఐ 30తో పెళ్లి కోసం అడిగే అమ్మాయికి మాత్రం వద్దంటాను. ఖర్చు నాకు మూడు లక్షల అరవై వేలు, హెల్త్ ఇన్సూరెన్స్ పాలసీ రూపాయి ఇవ్వలేదు. ఇప్పటి పాలసీల్లో సాధారణంగా బీఎంఐ 40 ఉన్నా, లేదా 35 ఉండి అదుపులో లేని షుగరో తీవ్రమైన స్లీప్ అప్నియానో ఉన్నా ఇస్తారు. వెయిటింగ్ పీరియడ్ ఎంతో చదువుకుని సంతకం పెట్టండి.

నా అతి పెద్ద ఫిర్యాదు ఇంకా మిగిలే ఉంది: పుల్లటి తేన్పులు, గుండెల్లో మంట. స్లీవ్ తర్వాత ఇది రావచ్చని ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశారు. పొద్దున్నే పరగడుపున యాసిడ్ మాత్ర, రాత్రి ఏడున్నర దాటాక ఏమీ తినకపోవడం, గోంగూర పచ్చడికి దాదాపు సెలవు. రెండుసార్లు ఎండోస్కోపీ అయింది. ఇలాగే ఉంటే స్లీవ్‌ని గ్యాస్ట్రిక్ బైపాస్‌గా (గుండెది కాదు, కడుపుదే ఇంకో రకం సర్జరీ) మార్చడం ఒక దారి అంటున్నారు. మళ్లీ కోయించుకోవాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు. ప్రస్తుతానికి మంచం తలవైపు కోళ్ల కింద రెండేసి ఇటుకలు పెట్టుకుని పడుకుంటున్నాను. మా ఆయన తెల్లారేసరికి కాళ్లవైపుకి జారిపోతున్నాడు.